చెట్టు లేని పడవ

ఆ పడవని మొదటిసారి చూసినప్పుడు దాని చుక్కాని గదిలో ఒక కోడి పొదిగి కూర్చుని ఉంది.

"గుడ్లు కూడా పడవతోనే వస్తాయా?" అని అడిగాను.

"గుడ్లు వస్తాయి. కోడి రాదు. అది నాది," అన్నాడు వడ్రంగి హమ్‌దాన్.

కంతాంగ్ ఊరికి ఎగువన, నది మలుపు తిరిగే చోట పడవలు బాగుచేసే యార్డు ఉంది. అక్కడికి వచ్చేవన్నీ చేపల పడవలే, అన్నీ కొయ్యవే. వాటి మధ్య ఇదొక్కటే తెల్లగా, ఫైబర్‌తో చేసింది. ఆకారం మాత్రం చేపల ట్రాలర్‌దే. ఎత్తయిన ముక్కు, మధ్యలో చుక్కాని గది, లావుపాటి పొట్ట. వల వేయడానికి కాదు, అందులోనే వండుకుని, పడుకుని, నిదానంగా దీవులు తిరగడానికి కట్టింది. ఎవరో విదేశీయుడు తెచ్చి, ఒడ్డున దిమ్మల మీదికి ఎక్కించి, వస్తానని వెళ్ళి రాలేదు. యార్డువాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి చివరికి అమ్మకానికి పెట్టారు.

మా ఆయన విచియన్ ఇంజన్ మనిషి. ఉద్యోగమంతా ఇతరుల ఫెర్రీల అడుగున, ఆ రొదలో గడిపాడు. సగం చెవుడు అక్కడే వచ్చింది. తన సొంత పడవలో, తనకి నచ్చిన వేగంతో జనాన్ని దీవులకి తిప్పాలని అతని కోరిక. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి చెప్పి విసిగి ముందే మానుకున్నాను. సముద్రం మీద తిరిగితే కాస్త విశ్రాంతిగా ఉంటుందనుకున్నాను. విశ్రాంతి కోసం పాత పడవ కొనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని కొన్నాక తెలిసింది.

పైనున్న టేకు చెక్కలు విప్పాం. ప్రతి మర కన్నంలోంచీ ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగి, కింద చెక్క టీలో ముంచిన బిస్కట్టులా అయింది. అది తీశాక వైర్లు చూశాం. ఎవరో సేమ్యా వండి గోడల్లో దాచినట్టున్నాయి. అవి పీకాక డీజిల్ టాంకులు తుప్పు పట్టాయని బయటపడింది. ఏది ముట్టుకుంటే అది ఊడి వచ్చేది. ఫైబర్ గీకిన పొడి మెడ మీద, ముంజేతుల మీద, పక్కబట్టల్లో, ఆఖరికి అన్నంలో. రోజూ గోక్కుంటూ పడుకునేదాన్ని, గోక్కుంటూ లేచేదాన్ని. వానలు మొదలవగానే పడవ మొత్తానికి నల్ల ప్లాస్టిక్ పట్టా చుట్టారు. అప్పట్నుంచి లోపల మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. తీగకి వేలాడే ఒక బల్బు, దాని చుట్టూ పొడి.

పట్టా చుట్టకముందే విచియన్ పూజ పెట్టాలన్నాడు.

మా దగ్గర ప్రతి పడవకీ ముక్కులో ఒక తల్లి ఉంటుంది. మే యానాంగ్ అంటాం. ఆమె ఎక్కడినుంచో రాదు. పడవ కట్టిన కొయ్య ఏ చెట్టుదో ఆ చెట్టులో ఉన్నావిడే, చెట్టు కొట్టాక పడవలోకి వస్తుంది. అందుకే పూజప్పుడు చెట్టు పేరు చెప్పి, ఫలానా అడవి, ఫలానా తకియన్ చెట్టు తల్లీ అని పిలుస్తారు. ముక్కుకి మూడు రంగుల గుడ్డలు కట్టి, మాల వేసి, ఉడికించిన గుడ్లు, ఎర్ర షర్బత్తు పెడతారు.

విచియన్ అన్నీ పెట్టాడు. గుడ్లు ఆ కోడివే. అగరొత్తులు వెలిగించి, చేతులు జోడించి… ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"చెట్టు పేరు చెప్పాలి కదా."

"దీనికి చెట్టెక్కడిది అన్నా? ఇది ప్లాస్టిక్కు. దీని తల్లి బకెట్టు," అన్నాడు హమ్‌దాన్ పక్క పడవ మీద నుంచి. అతను మా పూజలకి రాడు గానీ వ్యాఖ్యానం మాత్రం మానడు.

విచియన్ నవ్వలేదు. మళ్ళీ చేతులు జోడించాడు. "తల్లీ, నువ్వెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఉన్నావిడ ఎవరైతే వాళ్ళే రా. ఈ పడవ నీ ఇల్లు. నేను నీ కొడుకుని."

అగరొత్తుల పొగ పైకి పోకుండా ముక్కు మీదుగా కిందికి జారి, పెచ్చులూడిన తెల్లరంగుకి అతుక్కున్నట్టు పాకింది. గాలి పడిపోయి ఉంటుంది. నేను అలాగే అనుకున్నాను.

ఒక సంగతి చెప్పాలి. విచియన్‌కి తల్లి మొహం తెలియదు. కన్నప్పుడే పోయింది. బౌద్ధ విహారంలో భిక్షువులు పెంచారు. చిన్నప్పుడంతా బోడిగుండే. "నాకు తల దువ్విన మనిషి లేదు," అని ఒకే ఒకసారి, పెళ్ళైన కొత్తలో అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పూల మాలలు యార్డు గేటు దగ్గర లమ్యై అక్క అమ్మేది. రోజూ పొద్దున ఒకటి కొని ముక్కుకి వేసేదాన్ని.

"అత్తపోరు తెలియకుండా ముసలిదానివి అయిపోయావనుకున్నాను ఉబొన్," అంది లమ్యై, మాల పొట్లం కడుతూ. "ఇప్పుడు తగులుకుంది చూడు. ఆవిడకి పొద్దున్నే మాల కావాలి, గుడ్లు కావాలి. రేపు కాళ్ళు పట్టమంటుంది."

"పడతాలే అక్కా. ఈ ఫైబర్ గోకుడు కంటే అదే నయం."

"కొంచెం మంచి పూలు వేశాను. మీ అత్తగారికి నా పేరు చెప్పు."

"చెప్తాను. తీరిక దొరికితే ఇంటికి రా అక్కా."

మావైపు ఎవరితో మాట ముగించినా ఇదే మాట అంటాం. కరెంటు మీటరు చూసేవాడితో కూడా అంటాం. ఎవరూ రారు. రావాలని అనం కూడా. నోటికి అలవాటు, అంతే.

మర్నాటికి మాల ఉండేది కాదు. పూరేకు కూడా మిగిలేది కాదు.

"నీ మేకలే," అన్నాను హమ్‌దాన్‌తో.

"నా మేకలు పూలు తినవక్కా. చొక్కాలు తింటాయి."

ఒక మధ్యాహ్నం ముందు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. పడవ ముక్కులో ఉండే ఇరుకు గది అది. రెండు పక్కలు ముందుకి పోయి కలుసుకునే చోట ఒక పరుపు, పరుపు కింద పాత మంచినీళ్ళ ఇనుప టాంకు. మోకాళ్ళ మీద కూర్చుని గోడ రంగు గీకుతున్నాను. డీజిల్ వాసన, జిగురు వాసన. వాటి కింద ఇంకోటి… చాలాకాలం మూసిపెట్టిన నీళ్ళ వాసన. తడి జుట్టు వాసన.

అప్పుడు వినిపించింది.

గ్లప్… గ్లప్…

పడవ పక్కకి చిన్న అలలు తగులుతున్న చప్పుడు. పడవ దిమ్మల మీద ఉంది. ఆటు సమయం. నది దూరంగా, బురద అవతల ఉంది. గాలికి ప్లాస్టిక్ పట్టా కొట్టుకుంటోందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. అంతలో నేల మీదున్న స్పానర్ మెల్లగా ఎడమ పక్కకి జారింది. ఆగింది. మళ్ళీ మెల్లగా కుడి పక్కకి జారింది.

గీకుడు ఆపి బయటికొచ్చి టీ తాగాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి.

ఆ వారమే విచియన్ పడవలో పడుకోవడం మొదలుపెట్టాడు. సామాన్లు పోతున్నాయన్నాడు. ఏం పోయాయో చెప్పలేదు. నేను కారియర్ తీసుకెళ్తే "తిన్నాను" అనేవాడు. చూస్తే మనిషి నిజంగానే తిన్నట్టు బుగ్గలు నిండి ఉండేవాడు. పనిలో విసుక్కునే మనిషి కూనిరాగం తీసేవాడు. ఆ రాగం నాకు తెలిసింది కాదు. ఒకరోజు దగ్గరికెళ్ళి చూస్తే జుట్టు తడిపి, పక్క పాపిడి తీసి, బడికి పోయే పిల్లాడికి దువ్వినట్టు నున్నగా అణిచి ఉంది.

"ఎవరు దువ్వారు?"

"నేనే."

"ఆ పడవలో అద్దం ఎక్కడుంది?"

నవ్వాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ నవ్వు నేను చూడలేదు. బాగుంది. అదే నాకు నచ్చలేదు.

"ఇంటికి పద," అన్నాను.

"పడవ నీళ్ళలోకి దిగేదాకా ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత అసలు దిగను," అని మళ్ళీ నవ్వాడు. సరదాకి అన్నాడనుకోవాలని చాలా ప్రయత్నించాను. అతన్ని ఆ పడవకి వదిలేసుకుంటున్నానని నాకు అప్పుడే తెలుసు.

శుక్రవారం పొద్దున విచియన్ రంగు డబ్బాల కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. అతను లేనప్పుడే ఆ ముందు గది టాంకు పని చూడాలని హమ్‌దాన్‌ని పిలిచాను. అది కోసి తీసేసి, ప్లాస్టిక్ టాంకు పెట్టాలని ముందే అనుకున్నదే. పరుపు తీసి, చెక్క ఎత్తాం. టాంకు మీద అన్నం పళ్ళెమంత గుండ్రటి మూత, చుట్టూ బోల్టులు. తుప్పు పట్టి ఇనుములో ఇనుమై కలిసిపోయాయి. నూనె పోసి, సుత్తితో కొట్టి, తిట్టి, ఒక్కొక్కటీ విప్పాడు. మూత లేచింది.

మల్లెల వాసన గుప్పుమని కొట్టింది.

హమ్‌దాన్ టార్చి వేశాడు. టాంకులో నీళ్ళు లేవు. అడుగున మాలలు. నేను వేసినవన్నీ, ఒక దాని మీద ఒకటి, చక్కగా చుట్టలు చుట్టి పెట్టినట్టు. ఒక్క పువ్వు వాడలేదు. అప్పుడే నీళ్ళు చల్లినట్టున్నాయి.

నా మొదటి ఆలోచన, ఇన్ని పూలు ఎవరో ఎక్కడినుంచో పోసి ఉండాలని. రెండో ఆలోచన, ఆ బోల్టుల తుప్పు.

హమ్‌దాన్ స్పానర్ కింద పెట్టాడు. లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. ఎగతాళి చేయలేదు.

"అక్కా, నేను నమాజుకి పోతున్నాను. అన్న రాగానే ఇంటికి తీసుకుపో. ఇక్కడ ఉండొద్దు. పడవ సంగతి తర్వాత చూద్దాం."

"నువ్వేమనుకుంటున్నావు?"

"ఏమీ అనుకోవట్లేదు. అనుకుంటే మళ్ళీ ఎక్కలేను."

యార్డు ఖాళీ అయింది. వాన మొదలైంది. గేటు దగ్గర, లమ్యై బడ్డీ చూరు కింద నిలబడి విచియన్ కోసం ఎదురుచూశాను. అతను నా ముందు నుంచే రావాలి. ఇంకో దారి లేదు. రాలేదు. వాన పెద్దదైంది. ఎందుకో వెనక్కి తిరిగి పడవ వైపు చూశాను.

నిచ్చెన కింద అతని చెప్పులు ఉన్నాయి.

నిచ్చెనెక్కి, పట్టా ఎత్తి లోపలికి దూరాను. చీకటి. బల్బు వెలుగుతోంది గానీ ఆ వెలుగు నేల దాకా రావట్లేదు. పట్టా మీద వాన. ఆ వాన చప్పుడు కింద…

గ్లప్… గ్లప్…

కాళ్ళ కింద నేల ఊగింది. గోడ పట్టుకున్నాను. గోడ తడిగా ఉంది.

"విచియన్?"

ముందు గదిలోంచి గుసగుస. "ష్… నెమ్మది."

ముందు గదిలో ఎవరూ లేరు. ఎత్తి పెట్టిన చెక్క. తెరిచిన టాంకు. అన్నం పళ్ళెమంత కన్నం.

"ఎక్కడున్నావు?"

"గట్టిగా మాట్లాడకు." మాట ఆ కన్నంలోంచి వచ్చింది. "అమ్మ ఇప్పుడే పడుకుంది."

ఆ కన్నంలో మనిషి తల పట్టొచ్చు. భుజాలు పట్టవు. పొద్దున నా కళ్ళతో చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని, హమ్‌దాన్ వదిలి వెళ్ళిన టార్చి వేశాను.

టాంకు నిండా నల్లటి నీళ్ళు. నీళ్ళ పైన విచియన్ మొహం. గడ్డం దాకా మునిగి ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ నవ్వు…

జుట్టు తడిసి నుదుటి మీద పడి ఉంది. నేను చూస్తుండగానే ఆ జుట్టు కదిలింది. నుదుటి దగ్గర మొదలై నడినెత్తి దాకా… మెల్లగా… ఒక తెల్లటి గీత. పాపిడి. దువ్వెన లేదు. చెయ్యి లేదు. జుట్టు మాత్రం అటు కొంత, ఇటు కొంత, నున్నగా అణిగింది.

నేను అరవలేదు. అరిస్తే ఆవిడ లేస్తుంది.

నాకు తెలిసిన మంత్రాలు లేవు. తెలిసిందల్లా పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో అంతే. చేతులు జోడించాను.

"అత్తయ్యా…" అన్నాను. జీవితంలో ఎవరినీ అలా పిలవలేదు. "నేను మీ కోడల్ని. ఉబొన్ని. రోజూ మాల తెచ్చేది నేనే."

దువ్వడం ఆగింది.

"మీ అబ్బాయి బాగా అలిసిపోయాడు. ఇంటికెళ్ళి అన్నం తినాలి. మీరు బాగానే చూసుకున్నారు. ఇక నాకు అప్పగించండి అత్తయ్యా. దయచేసి…"

బల్బు ఆరిపోయింది. టార్చి కూడా.

వాన చప్పుడు లేదు. అల చప్పుడు లేదు. మూసిపెట్టిన నీళ్ళ వాసన మాత్రం దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి. నా చెంప పక్కనే ఏదో చల్లగా ఆగింది… నన్ను పరీక్షగా చూస్తున్నట్టు. ఎంతసేపో తెలియదు. ఊపిరి తీయలేదు.

తర్వాత నా భుజానికి ఒక తల ఆనుకుంది. బరువుగా, తడిగా. పొగాకు వాసన. విచియన్ వాసన. నా పక్కనే కూర్చుని, నిద్రలో ఉన్న పిల్లాడిలా ఊగుతున్నాడు.

ఎలా బయటికొచ్చాడని ఆ క్షణంలో అడిగే స్థితిలో లేను. చంకల కింద చేతులు వేసి లాగాను. ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చాను. బయటి వెలుగు ఒక చీలికలా కనిపించింది. ప్రాణం కుదుటపడింది. ఒళ్ళంతా అలసట. ఆ అలసటలో, వెనక్కి తిరిగి, చీకట్లోకి ఒకసారి తల వంచి అన్నాను.

"వెళ్ళొస్తాం అత్తయ్యా. తీరిక దొరికితే ఇంటికి రండి."

అన్నాక విన్నాను, ఏమన్నానో.

విచియన్‌కి జ్వరం వచ్చి తగ్గింది. రంగు డబ్బాల కోసం ఊళ్ళోకి వెళ్ళడం వరకే అతనికి గుర్తుంది. హమ్‌దాన్ ఇంకో ఇద్దరిని తోడు తెచ్చుకుని ఆ టాంకు కోసి తీశాడు. పొడి ఇనుము, తుప్పు, అంతే. పూలు లేవు. ముక్కుకి కట్టిన గుడ్డలు మాత్రం విప్పనన్నాడు. నేనూ విప్పలేదు. మిగతా పని మేం చేయలేదు. పడవని లంకావి దీవి నుంచి వచ్చిన ఒక జంటకి, ఉన్నదున్నట్టుగా అమ్మేశాం. వాళ్ళు దాన్ని ఇంకో పడవతో కట్టి లాక్కుపోయారు. నది మలుపు తిరిగేదాకా చూసి, తెల్లటి ముక్కు కనుమరుగయ్యాక, హాయిగా ఒళ్ళు గోక్కున్నాను.

విచియన్ మళ్ళీ మామూలు మనిషయ్యాడు. అంటే విసుక్కునే మనిషి. కూర చప్పగా ఉందంటే నాకు సంతోషమేసేది.

వానలు పూర్తిగా పోయాక ఒక సాయంత్రం బజారుకి వెళ్ళాను. లమ్యై తన బడ్డీని అక్కడికి మార్చింది. అలవాటు కొద్దీ, ఇంట్లో బుద్ధుడి పటానికి ఒక మాల అడిగాను.

"ఇంకోటి ఎందుకు? మీ అత్తగారు పట్టుకెళ్ళారుగా," అంది.

"నీ వేళాకోళం చాలక్కా."

"వేళాకోళం కాదే. ముసలావిడ, నెమ్మదైన మనిషి. తలంతా తడిగా ఉంది, పాపం, ఎక్కడ తడిసిందో. ఎండ కాస్తోంది. కోడలు ఇంటికి రమ్మని పిలిచిందండీ, ఇన్నాళ్ళకి తీరిక దొరికింది అంది." లమ్యై దారం పళ్ళతో తెంపింది. "దారి అడిగింది. చెప్పాను. మీవాళ్ళెవరో అనుకున్నాను. కాదా?"

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. మా ఇల్లు నదికి దూరం. సిమెంటు ఇల్లు, గట్టి నేల. తలుపు తీసే ఉంది. విచియన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టు తడిగా, పక్క పాపిడి, నున్నగా. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"గట్టిగా మాట్లాడకు. అమ్మ ఇప్పుడే పడుకుంది."

పడకగది తలుపు మూసి ఉంది. మల్లెల వాసన. దాని కింద, ఆ ఇంకో వాసన.

గుసగుసగా అడిగాను. "ఎన్నాళ్ళు… ఉంటారట?"

విచియన్ నవ్వాడు. ఆ నవ్వే. "అదేం ప్రశ్న? పిలిచింది నువ్వే కదా."

బల్ల మీద గ్లాసులో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు మెల్లగా ఎడమ పక్కకి ఒరిగాయి. ఆగాయి. మళ్ళీ మెల్లగా, కుడి పక్కకి…